మా కంప్యూటర్‌లో ఏ ఓఎస్ ఉండాలో చెప్పడానికి మీరెవరు?

భారతదేశంలో పీసీ గేములు అమ్ముకుంటూ, లైనక్స్ వాడేవాళ్ళకు మాత్రం తలుపులు మూసిన గేమ్ కంపెనీల యాజమాన్యాలకు, మన దేశంలోని వారి స్టూడియోల పెద్దలకు,

బాన్సువాడ నుంచి వ్రాయునది.

2024 మే నెలలో రయట్ గేమ్స్ తన లీగ్ ఆఫ్ లెజెండ్స్‌కు వాన్‌గార్డ్ అనే యాంటీ చీట్ తగిలించింది. లైనక్స్ మీద ఆడేవాళ్ళ ఆట దాంతో సరి. సెప్టెంబరులో రాక్‌స్టార్ జీటీఏ ఆన్‌లైన్‌కు బ్యాటిల్‌ఐ అనే మరో యాంటీ చీట్ పెట్టింది. మళ్ళీ బయట మిగిలింది మేమే. అక్టోబరు 31న ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంతు వచ్చింది. రెండున్నరేళ్ళుగా లైనక్స్ మీద శుభ్రంగా నడుస్తున్న అపెక్స్ లెజెండ్స్‌ను ఒక్క ప్రకటనతో ఆపేసింది. ఏడాది తిరక్కుండా, 2025 అక్టోబరు 10న వచ్చిన బ్యాటిల్‌ఫీల్డ్ 6 అయితే మాకు మొదటి రోజు నుంచే లేదు. ఎవరిని అడిగినా చెప్పే కారణం ఒక్కటే: చీటర్లను ఆపడానికి.

చీటర్ ఎవడో పట్టుకోవడం మీ బాధ్యత. ఆ బాధ్యత మీ చేతకాక, మా కంప్యూటర్‌లో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉందన్నదే నేరంగా లెక్కగట్టారు. ఇది మేం ఒప్పుకోం.

నేనిక్కడ కంప్యూటర్లు బాగుచేసి బతికేవాణ్ణి. మా ఊరి పేరు మీరు విని ఉండరు కాబట్టి చెబుతున్నా. కామారెడ్డి జిల్లాలో, నిజాంసాగర్ కాలువ కింద వరి పండే పల్లెల నడుమ ఒక చిన్న మున్సిపాలిటీ. మీ ప్రకటనల్లో రంగురంగుల లైట్లతో మెరిసే గేమింగ్ పీసీలు కొనగలిగేవాళ్ళు ఇక్కడ వేళ్ళ మీద లెక్క. యాసంగి వడ్ల పైసలు చేతికొచ్చాక, చదువుకునే పిల్లాడి పోరు పడలేక తండ్రి కొనిచ్చే కంప్యూటర్ ఎలా ఉంటుందో తెలుసా? సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో దొరికే, ఏదో పెద్ద ఆఫీసు వదిలించుకున్న డెల్ డబ్బా. నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. దానికి బేరమాడి తెచ్చిన సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్ కార్డు. అదీ ఏది పడితే అది పెట్టలేం. ఆ డబ్బాలోని ఎస్‌ఎంపీఎస్ నుంచి కార్డుకు విడిగా కరెంటు వైరు రాదు. స్లాట్ నుంచే కరెంటు తీసుకునే 1050 టీఐ లాంటిదాన్నే వెతుక్కోవాలి. ఇలా ముక్క ముక్క పోగేసి తయారైన మిషన్ మీదే మా పిల్లలు మీ గేములు ఆడేది.

ఆ మిషన్‌కు 2025 అక్టోబరు 14తో విండోస్ 10 గడువు తీరింది. ఏడాది పొడిగింపు ఏదో ఇచ్చారులెండి, అది ఏడాది మాటే. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. పనిచేస్తున్న కంప్యూటర్‌ను చెత్తకింద పారేసి కొత్తది కొనమనడమే దాని అర్థం. ఇక మిగిలిన దారులు రెండు. ఒకటి, ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన క్రాక్ విండోస్. దాన్ని యాక్టివేట్ చేసే ప్రోగ్రాం తెరవగానే అడిగే మొదటి మాట ‘ముందు యాంటీవైరస్ ఆపండి’ అని. ఆపి దాన్ని నడిపినవాడి కంప్యూటర్‌లోకి ఆ పూట ఇంకేమేం దూరాయో ఆ దేవుడికే తెలియాలి. రెండోది లైనక్స్. పైసా ఖర్చు లేదు, చట్టానికి భయపడాల్సిన పని లేదు, పాత మిషన్ మీద కూడా హాయిగా నడుస్తుంది.

నేను రెండో దారే చూపిస్తాను. లైనక్స్ మింట్ వేసిస్తాను. కావాలన్నవాళ్ళకు మెనూలన్నీ తెలుగులోకి మార్చి ఇస్తాను. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ వాళ్ళు రెండు దశాబ్దాలుగా తెలుగు నేల మీద ఇలాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రచారమే చేస్తున్నారు, కాలేజీల్లో విద్యార్థులను కూడగడుతున్నారు. మన కేంద్ర ప్రభుత్వం కూడా ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కే మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని 2015లోనే విధానం ప్రకటించింది. అంటే మా పిల్లలు దొంగదారి పట్టకుండా, ప్రభుత్వం మెచ్చిన దారినే పట్టారన్నమాట. మరి మీరేం చేశారు? క్రాక్ విండోస్ వేసుకున్నవాడు వస్తే ‘రా బాబూ రా’ అని లోపలికి పిలుస్తున్నారు. ఆ విండోస్‌కు అసలు లైసెన్స్ ఉందో లేదో మీకు పట్టదు. నిజాయతీగా లైనక్స్ వేసుకున్నవాడు వస్తే మాత్రం అనుమానంగా చూసి గెంటేస్తున్నారు. ఇదేం న్యాయం?

లైనక్స్ మీద గేములు నడపడం మహా కష్టం, అంత శ్రమ మేం పడలేం అంటారేమో. ఆ శ్రమ మీ తరఫున ఎప్పుడో ఎవరో పడ్డారు. విండోస్ ప్రోగ్రాములను లైనక్స్ మీద నడిపే వైన్ ప్రాజెక్టు 1993లో మొదలైంది. 1994 నుంచి దాన్ని అలెగ్జాండర్ జూలియార్డ్ నడిపిస్తున్నారు. డైరెక్ట్‌ఎక్స్‌లో రాసిన బొమ్మల పనిని వల్కన్‌లోకి మార్చే డీఎక్స్‌వీకేను ఫిలిప్ రెబోలే రాశారు. ఎందుకు మొదలుపెట్టారయ్యా అంటే, నియర్ ఆటోమేటా అనే గేమ్‌ను తన లైనక్స్ మీద ఆడుకోవాలని. ఒక్క ఆట మీది ఆశ ఇంత దూరం తెచ్చింది! ఈ రెండింటికీ మరికొంత చేర్చి, 2018 ఆగస్టు 21న, స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణం నడిపే వాల్వ్ ప్రోటాన్‌ను విడుదల చేసింది. ఇప్పుడు స్టీమ్‌లో కొన్న విండోస్ గేముల్లో చాలావాటికి ఇన్‌స్టాల్ నొక్కితే చాలు. ఆట తెరిచేముందు షేడర్లు సిద్ధమవుతున్నాయని ఒక గీత కదులుతుంది. పాత ప్రాసెసర్ అయితే ఆ గీత నింపాదిగా కదులుతుంది, ఫ్యాన్ గోల పెడుతుంది, ఈలోపు చాయ్ తాగి రావచ్చు. తర్వాత విచర్ 3 అయినా, జీటీఏ 5 స్టోరీ అయినా, ఆ కార్డు మోయగలిగినంత బాగా ఆడుకోవచ్చు.

జీటీఏ 5 సంగతే చూడండి. స్టోరీ మోడ్‌లో ఆటలోని లాస్ శాంటోస్ నగరమంతా తిరగొచ్చు. అదే కంప్యూటర్, అదే లైనక్స్, అదే ఫైలు. ఆన్‌లైన్ నొక్కితే మాత్రం గేటు పడుతుంది. ఇక్కడ అడ్డుపడింది లైనక్స్ కాదని దీన్నిబట్టే తెలియడం లేదా?

యాంటీ చీట్ లైనక్స్‌లో నడవదు అని ఇంకా చెప్పకండి. 2021 సెప్టెంబరులోనే ఎపిక్ వాళ్ళ ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్‌ఐ రెండూ ప్రోటాన్‌తో పనిచేస్తాయని వాటిని తయారు చేసినవాళ్ళే ప్రకటించారు. గేమ్ కంపెనీ సరే అంటే చాలు. ఎల్డెన్ రింగ్‌లో ఉన్నది ఈజీ యాంటీ చీటే, అది లైనక్స్ మీద ఆన్‌లైన్‌లో నడుస్తోంది. అపెక్స్ కూడా 2022 నుంచి అలాగే నడిచింది. ఆ ఈజీ యాంటీ చీట్‌ను అందించే ఎపిక్ కంపెనీ తన సొంత ఫోర్ట్‌నైట్‌ను మాత్రం లైనక్స్‌కు ఇవ్వదు. తను వండిన కూర తనే తినని వంటవాణ్ణి ఏమనాలో మీరే చెప్పండి.

ఇక అసలు విషయానికి వద్దాం. మీ వాదనలో నిజం లేదని నేననను. లైనక్స్‌లో, ఓఎస్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ అందరికీ తెరిచే ఉంటుంది. కావాలనుకున్నవాడు దాన్ని మార్చి, మళ్ళీ కంపైల్ చేసుకొని, మీ యాంటీ చీట్ కళ్ళు కప్పగలడు. విండోస్‌లో మీ డ్రైవర్ కెర్నల్‌లో కూర్చొని అంతా చూస్తుంది, ఇక్కడ అలా కూర్చోలేదు. లైనక్స్‌తోనే వచ్చే స్టీమ్ డెక్ మీద ఆడే అమాయకుణ్ణీ, లైనక్స్ ముసుగు వేసుకొచ్చిన చీటర్‌నూ విడదీసి చూడలేకపోతున్నామని అపెక్స్ వాళ్ళు చెప్పుకున్నారు. సరే. మరి విండోస్‌లో కెర్నల్ దాకా వెళ్ళి కూర్చున్నారు కదా, అక్కడ చీటర్లు అంతరించారా? బ్యాటిల్‌ఫీల్డ్ 6 బీటా 2025 ఆగస్టులో వచ్చింది. సెక్యూర్ బూట్ తప్పనిసరి, కెర్నల్‌లో జావెలిన్ అనే యాంటీ చీట్ కాపలా, లైనక్స్ వాసన కూడా లేదు. తొలి రోజుల్లోనే 3 లక్షల 30 వేల చీటింగ్ ప్రయత్నాలను అడ్డుకున్నామని కంపెనీయే గొప్పగా చెప్పుకుంది. అవేవీ లైనక్స్ వాళ్ళ ఖాతాలో వేయలేరు కదా! అయినా గోడల అవతలివాళ్ళను చూస్తూ కాల్చే చీటర్ల వీడియోలు ఆ వారంలోనే బయటికొచ్చాయి.

పైపెచ్చు, దొడ్డిదారి ఇప్పుడు ఓఎస్‌ను దాటిపోయింది. డీఎంఏ కార్డు అని ఒకటుంది. గ్రాఫిక్ కార్డు పెట్టినట్టే మదర్‌బోర్డు స్లాట్‌లో పెడతారు. ఆట నడిచే కంప్యూటర్ మెమరీని ఆ కార్డు చదివి, పక్కనున్న రెండో కంప్యూటర్‌కు పంపుతుంది. చీట్ ప్రోగ్రాం నడిచేది ఆ రెండోదాంట్లో. ఆట నడిచే కంప్యూటర్‌ను మీరు ఎంత గాలించినా అందులో చీట్ ప్రోగ్రామే ఉండదు. అంత ఖర్చు పెట్టుకోగల చీటర్‌ను వదిలి, చెనాయ్‌లో కొన్న డబ్బా మీద మింట్ వేసుకున్న డిగ్రీ కుర్రాడి మీద మీకెందుకింత పట్టుదల?

పదో తరగతి పరీక్షల్లో ఒక ఊరి పిల్లాడు చిట్టీలతో దొరికాడనుకోండి. ఏం చేస్తారు? వాణ్ణి డిబార్ చేస్తారు. ఆ ఊరి పిల్లలందరి హాల్‌టికెట్లు చింపేస్తే ఊళ్ళో తల్లిదండ్రులు ఊరుకుంటారా? మీరు చేసింది సరిగ్గా అదే. కాకపోతే అడిగేవాళ్ళు లేరన్న ధీమా మీది.

మీ ఇంజినీర్లకు వేరే దారి తెలియదా అంటే, మీకంటే బాగా తెలుసు. గోడ అవతల ఉన్న శత్రువు ఎక్కడున్నాడో మీ సర్వర్ మా కంప్యూటర్‌కు పంపకపోతే ఏ వాల్‌హ్యాక్ అయినా దేన్ని చూపిస్తుంది? వాలొరెంట్ అనే ఆటలో రయట్ ఇంజినీర్లు ఫాగ్ ఆఫ్ వార్ పేరుతో ఈ పనే చేసి, ఎలా చేశారో 2020లో వివరంగా రాశారు కూడా. కౌంటర్ స్ట్రైక్‌లో వాల్వ్, ఆడేవాడి తీరును బట్టి చీటర్‌ను పసిగట్టే వ్యాక్‌నెట్‌ను నడుపుతోంది. కౌంటర్ స్ట్రైక్ 2లో చీటర్లు లేరా అంటే ఉన్నారు, ఆడేవాళ్ళు నెత్తీనోరూ బాదుకునేంతమంది ఉన్నారు. అయినా ఆ నెపం మీద వాల్వ్ లైనక్స్‌కు తాళం వేయలేదు. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 రెండూ నేరుగా లైనక్స్ కోసమే తయారై వస్తున్నాయి. మార్వెల్ రైవల్స్ చేసిన నెట్ఈజ్ మొదట్లో ప్రోటాన్ మీద ఆడేవాళ్ళను పొరపాటున చీటర్ల కింద జమకట్టి నిషేధించింది. తర్వాత తప్పు ఒప్పుకొని, క్షమాపణ చెప్పి, నిషేధం ఎత్తేసింది. ఆ మాత్రం మర్యాద మీ దగ్గర ఎందుకు కరువైంది?

కెర్నల్ దాకా వస్తామన్నది మామూలు కోరిక కాదని మీకూ తెలుసు. అక్కడ కూర్చున్న ప్రోగ్రాంకు కంప్యూటర్‌లో తెలియని రహస్యం ఉండదు. మా ఊరి ఇళ్ళల్లో గేముకో కంప్యూటర్, పనికో కంప్యూటర్ ఉండవు. పిల్లాడు రాత్రి ఆడుకునే మిషన్ మీదే పొద్దున అక్క ఈఏపీసెట్ ఫారం నింపుతుంది, తండ్రి క్రాప్‌లోన్ కాగితాలు స్కాన్ చేస్తాడు, బ్యాంకు పాస్‌వర్డులు కొడతాడు. 2022లో ఏం జరిగిందో గుర్తు చేయమంటారా? గెన్షిన్ ఇంపాక్ట్‌కు కాపలా కాయాల్సిన యాంటీ చీట్ డ్రైవర్‌నే రాన్సమ్‌వేర్ దొంగలు పట్టుకెళ్ళి, అసలు ఆ గేమే లేని కంప్యూటర్లలో పెట్టి, యాంటీవైరస్‌ను చంపడానికి వాడుకున్నారు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ కెర్నల్ స్థాయి సాఫ్ట్‌వేర్‌కు ఒక్క తప్పుడు అప్‌డేట్ పంపితే, 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలితెర పట్టాయి. మన శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు! అది కంప్యూటర్ భద్రతే వృత్తిగా పెట్టుకున్న కంపెనీ. మీది బొమ్మ తుపాకులు అమ్మే కంపెనీ. మీ డ్రైవర్ మా ఇంట్లో తప్పు చేస్తే దిక్కెవరు? పరిహారం ఎవరిస్తారు? మీ ఒప్పంద పత్రంలో ఆ సంగతి ఎక్కడైనా రాశారా?

లైనక్స్ వాడేవాళ్ళు పిడికెడు మంది, వాళ్ళ కోసం ఖర్చు దండగ అని లోలోపల అనుకుంటారని తెలుసు. 2025 అక్టోబరులో స్టీమ్ సర్వేలో లైనక్స్ వాటా మొదటిసారి 3 శాతం దాటింది. నెలకు 13 కోట్ల మందికి పైగా స్టీమ్ వాడుతున్నారని వాల్వ్ 2021లో చెప్పింది. ముతక లెక్కన చూసినా 40 లక్షల మంది. బాన్సువాడ, బోధన్, నిజామాబాద్, కామారెడ్డి అన్నీ కలిపినా అంతమంది ఉండరు. విండోస్ 10 వదిలేసిన పాత కంప్యూటర్లు లైనక్స్‌లోకి వస్తున్నకొద్దీ ఈ సంఖ్య పెరిగేదే కానీ తగ్గేది కాదు.

మీ ఇష్టం, మీ ఆట, మీ వ్యాపారం అని సరిపెట్టుకుందామన్నా వీల్లేని కారణం ఇంకొకటుంది. ఇది ఇప్పుడు వట్టి కాలక్షేపం కాదు. 2022 డిసెంబరులో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడల శాఖ కిందికి తెచ్చింది. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన దేశపు జట్టు లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆడింది. 2025లో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను ప్రోత్సహిస్తానంది. క్రీడ అని మీరే అడిగి పేరు తెచ్చుకున్నారు కదా. ఫలానా అమెరికా కంపెనీ ఓఎస్ కొన్నవాడే మైదానంలో అడుగుపెట్టాలన్న షరతు ఏ క్రీడకు ఉంది? తెలంగాణ ప్రభుత్వం 2016లోనే యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం ప్రత్యేకంగా ఇమేజ్ పాలసీ తెచ్చింది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు హైదరాబాద్‌లో ఏళ్ళ తరబడి స్టూడియో ఉంది. అపెక్స్‌ను లైనక్స్‌కు దూరం చేసిన కొద్దిరోజులకే, 2024 నవంబరులో, గేమ్ డెవలపర్ల జాతీయ సదస్సు హైదరాబాద్‌లోనే జరిగింది. ఇక్కడి భూమి కావాలి, ఇక్కడి ఇంజినీర్లు కావాలి, ఇక్కడి పిల్లల పాకెట్‌మనీ కావాలి. ఇక్కడి పిల్లాడు ఎంచుకున్న ఓఎస్ మాత్రం పనికిరాదా?

ఇందులో నాకు అన్నిటికంటే ఎక్కువ మంట తెప్పించేది పైసల సంగతి. మా కుర్రాడొకడు (కంపెనీ పేరు, గేమ్ పేరు ఇక్కడ అనవసరం) ఒక గేమ్‌లో స్కిన్లకూ, బ్యాటిల్ పాసులకూ యూపీఐతో పైసా పైసా కట్టాడు. కట్టినన్నాళ్ళూ అతనిది లైనక్సేనని ఆ కంపెనీకి తెలుసు, పైసలు తీసుకుంది. తర్వాత ఒక అప్‌డేట్‌తో ఆట ఆగిపోయింది. రీఫండ్ అడిగితే నియమాలు చదువుకోమన్నారు. స్టీమ్ రీఫండ్ మామూలుగా కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకు మించి ఆడకపోతేనే. నెలలు ఆడాక తలుపు మూస్తే ఆ నియమం ఎవరికి ఉపయోగం? కెర్నల్ యాంటీ చీట్ ఉంటే అమ్మకం పేజీలోనే ఆ సంగతి చెప్పాలని 2024 అక్టోబరు చివర్లో వాల్వ్ నియమం పెట్టింది. మంచిదే, కానీ అది కొత్తగా కొనేవాడికి. ఇప్పటికే కొన్నవాడి సంగతేంటి?

కాబట్టి మేం అడుగుతున్నది ఇదీ. కెర్నల్ డ్రైవర్ లేకుండా ర్యాంక్ మ్యాచ్‌లు ఆడనివ్వలేం అంటే, కనీసం ర్యాంకులు లేని మ్యాచ్‌లకు మమ్మల్ని రానివ్వండి. విండోస్ వాళ్ళకు మాతో ఆడటం ఇష్టం లేకపోతే మాకు వేరే మ్యాచ్‌లు పెట్టండి. చీటర్లతో మేం పడే తిప్పలేవో మేం పడతాం. లైనక్స్ మీద నడుస్తున్న గేమ్‌ను ఆపాలనుకుంటే ఆరు నెలల ముందు చెప్పండి. చెప్పాక కూడా ఆపితే, లైనక్స్ మీద ఆడినవాళ్ళ దగ్గర అప్పటిదాకా తీసుకున్న పైసలు వెనక్కి ఇవ్వండి. ఎవరెంత కట్టారో, ఏ ఓఎస్ మీద ఆడారో మీ సర్వర్లలో అంకెలతో సహా ఉంది, మేం రసీదులు వెతికి తేవాల్సిన పని లేదు.

వీటిలో మీకు చేతకానిది ఏది? ఎందుకు చేతకాదు? ‘సపోర్ట్ లేదు’ అన్న రెండు ముక్కలతో సరిపెట్టకుండా, మీ ఇంజినీర్ల చేత బహిరంగంగా రాయించండి. హైదరాబాద్‌లో మీరు పెట్టే సభకు మేమే వచ్చి అడుగుతాం. బాన్సువాడ డిపో నుంచి జేబీఎస్‌కు బస్సులున్నాయి, టికెట్ పైసలు మేం పెట్టుకుంటాం. జవాబు చెప్పగలిగినవాణ్ణి మీరు పంపండి.

ఇట్లు,
లైనక్స్ మీద ఆడుకునే పిల్లల తరఫున,
బాన్సువాడ కంప్యూటర్ మెకానిక్ ఒకడు